మేకు కూడా కొట్టకు

కలులు టౌన్‌షిప్, కిట్వే
సెప్టెంబరు 1999

ఒరే కోతులు తినే కపంబ్వే బావా,

నువ్వు బస్సెక్కి వెళ్ళిన దగ్గర్నుంచి మన వీధి శుభ్రంగా ఉంది. "మీ షిఫ్ట్ బాస్ ఏడీ, ఆ బెంబా ముసలాడు?" అని పక్కింటివాళ్ళు అడుగుతున్నారు. "వాళ్ళ ఊరి అడవిలో కోతులు అయిపోగానే తిరిగొస్తాడు" అని చెప్పాను.

తాళంచెవి అందింది. సామాను చేర్చాం. జెలేసి వంటగది గోడలు రెండుసార్లు కడిగింది. "ఇన్నేళ్ళు కాపురం చేసి ఈ మసి ఒక్కసారైనా తుడిచారా మన కోతన్నయ్యా వాళ్ళూ?" అంది. మనవరాళ్ళకి వెనక గది ఇచ్చాం. మేం వాళ్ళ పక్కనే పడుకుంటున్నాం. ముందు గది వచ్చేపోయేవాళ్ళకి.

నా ఇల్లు పక్క వీధిలోనే కదా, రోజూ దాని ముందునుంచే రొట్టెకి వెళ్తాను. అమ్మాయి జబ్బు పడ్డప్పుడు ఎవరికి అమ్మానో ఆ వ్యాపారి ఆకుపచ్చ రంగు వేయించాడు. మంచి రంగే. గని తన ఇళ్ళు మనకే అమ్మినప్పుడు మనిద్దరం ఒకే వరసలో నిలబడి కాగితాలు తీసుకున్నాం. ఇప్పుడు నువ్వు యజమానివి, నేను నీకు అద్దెకున్నవాణ్ణి. పోనీలే, అద్దె కట్టేచోట కనీసం తిట్టుకోవడానికి మనిషున్నాడు.

ఒక్క మాట. పొద్దున్నే ముందు గది చాప మీద పొడి పడి ఉంటోంది. కర్రపొడి, మెత్తగా, జల్లించిన పిండిలా. ముందు నీ తలలోంచి రాలిందనుకున్నాను. నువ్వెళ్ళాక కూడా రాలుతోంది. దూలం చూడాలి. నిచ్చెన ఎక్కడ పెట్టావు?

అద్దె డబ్బు బస్సు డ్రైవరుకిచ్చాను. దారిలో నీ చుట్టాలు చెట్లమీంచి దూకి లాక్కోకుండా చూసుకో.

నీ ఈటె బావ,
ల్యాక్సన్ షోంగా


లువింగు
అక్టోబరు 1999

ఎలుకల వేపుడు షోంగా బావా,

నీ ఉత్తరం చదువుతుంటే మా మేనకోడలు పక్కనే కూర్చుంది. "ఇన్ని తిట్లు రాసేవాడు నీకు స్నేహితుడేంటి మామయ్యా?" అని దాని గోల. చెప్పాను. వాళ్ళ ఎంగోనీల ముత్తాతలూ మన ముత్తాతలూ ఈటెలతో పొడుచుకుని పొడుచుకుని అలిసిపోయారే, ఇకమీదట నోటితో పొడుచుకుందాం, కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు అని ఒప్పందం రాసుకున్నారే, అన్నాను. మనింట్లో చావైతే వచ్చి నవ్వించాల్సింది కూడా వాళ్ళే, వాళ్ళింట్లో అయితే మనమే. "అయితే ఆయన నీకు బావేనా?" అంది. బావే, ఎలుకలు తింటాడు గనక ఇంట్లోకి రానివ్వం, అన్నాను.

నిచ్చెన నాది కాదు, గని ఇళ్ళ ఆఫీసుది. పొడి సంగతి ఆఫీసుకెళ్ళి చెప్పు. చెదలమందు కొట్టే ఆయన ఉండేవాడు కదా, జేబులో ఎప్పుడూ వేరుశనగలు పోసుకుని తిరిగేవాడు, ప్రతి ఏడూ వానలకి ముందే వచ్చేవాడు. ఈసారి ఎందుకు రాలేదో గట్టిగా అడుగు. బల్బు మాడితే బల్బు మనం కొన్నామా ఎప్పుడైనా? వాళ్ళ మనిషి నిచ్చెన మోసుకొచ్చి మార్చి వెళ్ళేవాడు. నువ్వు మెత్తగా అడుగుతావు, అందుకే పని కాదు.

ఇక్కడ జొన్నకి నేల చదును చేస్తున్నాను. నీ అద్దె విత్తనాలకి సరిపోయింది.

రాయిని అడక్కుండా మనిషిని పంపని
నీ బాస్,
ఫిడెలిస్ కపంబ్వే


కలులు టౌన్‌షిప్
నవంబరు 1999

కోతితోక బావా,

ఇళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరు వెనక దర్జీ కూర్చున్నాడు. "చెదలమందు కావాలి" అన్నాను. "కొలతలిచ్చి వెళ్ళు తాతా" అన్నాడు. ఆఫీసు ఎత్తేసి ఆర్నెల్లు దాటిందట. గని ఇళ్ళన్నీ అమ్మేశాక ఆఫీసెందుకు అన్నాడు. "మరి రిపేర్లు ఎవరు చేస్తారు?" అంటే, "ఇల్లెవరిది?" అని అడిగాడు. కపంబ్వేది అన్నాను. "అయితే కపంబ్వేనే ఇళ్ళ ఆఫీసు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నువ్వు కౌంటరు వెనక టై కట్టుకుని కూర్చున్నట్టు ఊహించుకున్నాను మరి.

మొన్న తొలి వాన పడింది. సాయంత్రం ఉసిళ్ళు లేచాయి. ఊరంతా దీపాలకింద గిన్నెలు పట్టుకుని తిరుగుతుంటే, మా మనవరాళ్ళు ఇంట్లోంచి కదల్లేదు. ఎందుకంటే మన ఉసిళ్ళు ముందు గది గోడలోంచే వచ్చాయి. దూలం గోడలోకి దిగే చోట పగులుంది చూడు, అక్కణ్ణుంచి కుండ బోర్లించినట్టు. జెలేసి చీపురుతో బకెట్లోకి ఊడ్చింది. రెక్కలు రాల్చి, ఉప్పేసి వేయించింది. రెండు రోజులు న్షిమా ముద్దలోకి అదే కూర. పిల్లలు ఇంకా కావాలని గోడ తడుతున్నారు.

బావా, గోడలోంచి ఉసిళ్ళు వచ్చాయంటే చెదపుట్ట గోడలో ఉన్నట్టు. మర్నాడు చీపురు కర్రతో దూలం కొట్టి చూశాను. వంటగది వైపు ఖంగుమంది. గోడవైపు డొల్ల. నీకు ఆ చప్పుడు తెలుసు.

ల్యాక్సన్


లువింగు
డిసెంబరు 1999

ఉసిళ్ళ షావుకారు షోంగాకి,

ఇంట్లోనే కూర పండుతుంటే నాకు ఇంత తక్కువ అద్దె ఇచ్చి ఊరుకుంటావా? మర్యాదగా వచ్చే నెల నుంచి ఒక గిన్నెడు ఉసిళ్ళు కలిపి పంపు.

నీ ఉత్తరం రాగికల్లు కుండ దగ్గర అందరికీ చదివి వినిపించాను. దర్జీ మాట దగ్గర మా పెద్దాయనకి కల్లు పొలమారింది. "మళ్ళీ ఎప్పుడు రాస్తాడు మీ ఎంగోనీ?" అని అడుగుతున్నారు. నువ్వు ఇక్కడ పేరున్న మనిషివైపోయావు.

దూలం డొల్లగా మోగిందంటే చీపురు కర్ర పొరపాటున నీ తలకి తగిలి ఉంటుంది. ఆ దూలం గని వేయించింది. గని వేసింది పడిపోవడం నేనెప్పుడూ చూడలేదు, గని తప్ప.

చెల్లెమ్మకి నా పేరు చెప్పి ఉసిళ్ళలో ఉప్పు తగ్గించమను.

ఇళ్ళ ఆఫీసు,
కపంబ్వే


కలులు టౌన్‌షిప్
జనవరి 2000

ఫిడెలిస్ బావా,

ఈ ఉత్తరంలో కోతులు తక్కువ. కుండ దగ్గర చదవకు.

కుర్చీ మీద ఎక్కి చూశాను. దూలం పొడుగునా మట్టి గొట్టాలు పాకి ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. పైన అట్టముక్కలా ఒక పొర, లోపల ఏమీ లేదు. సిమెంటు రేకుల బరువంతా ఆ పొర మీద ఉంది. వాసాల్లో రెండింటికి కూడా పట్టింది. మిగిలినవి బాగానే ఉన్నాయి, ఇంకా.

పనికొచ్చే మాట చెప్తాను. మూసేసిన గుంత దగ్గర గనివాళ్ళు పాత దుంగలు అమ్ముతున్నారు. ఏరి చూశాను, రెండు నిక్షేపంగా ఉన్నాయి. రేకులు విప్పి, దూలం మార్చి, గోడలో పుట్ట తవ్వి, మందు పోసి, మళ్ళీ రేకులు వెయ్యాలి. వానలు ఆగగానే మొదలుపెడితే అయిపోతుంది. కూలి నాకొద్దు. దుంగల డబ్బు అద్దెలో తగ్గించుకో, లేకపోతే అదీ వద్దు. గనిలో ఇన్నేళ్ళూ కొండ కప్పుకి దుంగలు పేర్చి నీ ప్రాణం నిలబెట్టినవాణ్ణి, నీ ఇంటి కప్పుకి పెట్టలేనా?

ఇల్లు నీది గనక, సరే అని ఒక ముక్క రాయి. అది చాలు.

ల్యాక్సన్


లువింగు
మార్చి 2000

ఒరే దొంగ ఎంగోనీ,

చదివాను. రెండుసార్లు చదివాను. కూలొద్దంటాడు, దుంగల డబ్బూ వద్దంటాడు! ఎలుక జున్నుకి కాపలా కాస్తానంటే నమ్మేంత తెలివితక్కువవాణ్ణా నేను?

గని ఇళ్ళు ఎవరికి దక్కాయిరా? కట్టినవాడికా? అందులో కూర్చున్నవాడికి. మనం కూర్చున్నాం, ఇళ్ళు మనవయ్యాయి. ఇప్పుడు నా ఇంట్లో నువ్వు కూర్చున్నావు. దూలం మారుస్తావు, రేపు రేకులు మారుస్తావు, ఎల్లుండి కోర్టులో నిలబడి "అయ్యా, ఈ కప్పు నాది, కపంబ్వేకి మిగిలింది కింద నేల, అది ఎలాగూ దేవుడిది" అంటావు. మీ ముత్తాతలు మా ఆవుల్ని ఇలాగే పట్టుకుపోయారు. కాపలా కాస్తామని మొదలుపెట్టారు.

నా ఇంటికి మేకు కూడా కొట్టకు. నవ్వుతూనే చెప్తున్నాను గానీ, కొట్టకు.

ఇక్కడ నా కొత్త ఇంటికి ఇనప రేకులు పడ్డాయి. వాన పడితే పెళ్ళి డప్పులు మోగినట్టుంది, మా ఆవిడ మాట వినపడదు, నాకు హాయి. నీ అద్దె పుణ్యమే.

ఫిడెలిస్


కలులు టౌన్‌షిప్
మే 2000

బావా,

మేకు కొట్టలేదు. దుంగలూ కొనలేదు. ఒక్క నీలగిరి గుంజ తెచ్చి, గది మధ్యలో నిలబెట్టి, దూలం కింద దన్ను పెట్టాను. మేకు లేకుండా, కింద రాయి, పైన చెక్క, మధ్యలో గట్టిగా బిగించాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. కోర్టులో నాది అనడానికి ఏమీ లేదు.

అసలు పెట్టాల్సింది గోడ దగ్గర. అక్కడ గుంజ నిలవాలంటే గోడకి దిమ్మ బిగించాలి. దిమ్మకి మేకులు కావాలి.

ఇంకో ఇల్లు వెతికాం. మూడు చోట్ల ఆర్నెల్ల అద్దె ముందే ఇమ్మన్నారు. ఇద్దరు పిల్లల్తో ముసలాళ్ళకి అదయ్యే పని కాదు.

నువ్వు మర్చిపోయావేమో గాని నేను మర్చిపోలేదు. నా మొదటి నెలలో, సున్నంతో ఇంటూ గుర్తు వేసి ఉన్న చోటికి నేను అడుగేస్తే, నువ్వు వెనకనుంచి హెల్మెట్ మీద ఒక్కటిచ్చావు. "గుర్తు కనపడట్లేదా? అది ఉన్నంతసేపూ లోపలికి దేవుడు కూడా పోకూడదు" అన్నావు. తర్వాత నువ్వే గడ్డపార తీసుకుని, కప్పు రాయిని కొట్టి, చెవిపెట్టి విని, డొల్ల రాయి దింపి, నీ చేత్తో గుర్తు చెరిపి, అప్పుడు నన్ను పిలిచావు. రాయిని అడక్కుండా మనిషిని పంపకూడదు అన్నావు. బాస్ అంటే అదే అన్నావు. ఇప్పుడు నన్ను దూలం కింద పెట్టి అద్దె తీసుకుంటున్నావు. దూలాన్ని ఎవరడిగారు? ఒక్కసారి వచ్చి కొట్టి విను. నా మాట వద్దు, నీ చెవి నమ్ము.

జెలేసి పక్కన కూర్చుని తన మాటలూ రాయమంటోంది. ఇలా చెప్పింది: "కోతన్నయ్యా, మా ఆయన గది మధ్యలో చెట్టు పాతాడు. కోతులకి తెలిస్తే వచ్చి ఎక్కుతాయి అంటున్నా. ముందు నువ్వే రా. వస్తే కోడి కోస్తాను. రాకపోతే ఆ గుంజకి నీ పేరు పెట్టి రోజూ చీపురుతో కొడతాను."

పెట్టేసింది కూడా. పిల్లలు దాన్ని కపంబ్వే తాత అంటున్నారు.

ల్యాక్సన్


లువింగు
ఆగస్టు 2000

గుంజల షోంగా,

కపంబ్వే తాత! కుండ చుట్టూ ఉన్న అందరూ పడీపడీ నవ్వారు. చెల్లెమ్మ నోరు తగ్గలేదు, సంతోషం. నా పేరు పెట్టుకున్న గుంజ ఇల్లు మోస్తోందంటే అది పడదు, రాసిపెట్టుకో.

నీ ఉత్తరంలో మిగతాదంతా మా పెద్దాయన మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. "దేవుడు కూడా పోకూడదు" దగ్గర నీలాగే గొంతు పెట్టి చదివాను. "గంభీరంగా మాట్లాడే ఎంగోనీని మించిన వేడుక లేదు, ఎంతకీ తగ్గడు చూడు!" అన్నాడాయన. నిజమే బావా. ముందు కర్రపొడి, తర్వాత ఉసిళ్ళు, తర్వాత వేలు దిగిన దూలం, ఇప్పుడు గుంజ. ఇంత పొడుగు వేళాకోళం మన గనిలో కూడా ఎవరూ చెయ్యలేదు. చివరికి ఏముంది, నా దగ్గర దూలం డబ్బు గుంజి, నేను పరిగెత్తుకొచ్చాక మీరిద్దరూ గడప మీద కూర్చుని నవ్వడం, అంతేగా? నేను ఓడను.

అయినా జొన్న ఎండబెట్టాక వస్తాను. కోడి రెడీగా ఉంచమను.

ఫిడెలిస్


కలులు టౌన్‌షిప్
అక్టోబరు 2000

ఇంటి యజమాని శ్రీ ఫిడెలిస్ కపంబ్వే గారికి,

అయ్యా,

తమరి ఇంట్లో అద్దెకుంటున్న ల్యాక్సన్ షోంగా రాస్తున్నది. తమరి ఇంటి ముందు గది దూలం చెదలు తినేసి పనికిరాకుండా పోయింది. వానలు వచ్చే నెలలో మొదలవుతాయి. తమరు వచ్చి బాగు చేయించండి, లేదా నన్ను చేయనివ్వండి. ఈ రెండూ కాకపోతే, ఆ కప్పు కింద మనుషులున్నారని తమరికి తెలుసని ఒక ముక్క రాయండి.

ఇందులో వేళాకోళం లేదు.

ఇట్లు,
ఎల్. షోంగా


లువింగు
నవంబరు 2000

హహ్హ! యజమాని గారట! అయ్యా అట! తమరట!

గెలిచావురా. ఈ ఉత్తరం గోడకి అంటించాను. ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా తీసుకెళ్ళి చూపిస్తున్నాను. "ఇందులో వేళాకోళం లేదు" అని ఆఖర్న పెట్టావు చూడు, అక్కడ చచ్చాను.

జొన్న విత్తడం ఈసారి ఆలస్యమైంది. క్రిస్మస్ దాటాక తప్పకుండా వస్తాను.

తమరి యజమాని


కలులు టౌన్‌షిప్
జనవరి 2001

ఫిడెలిస్,

పదకొండో తారీఖున ముందు గది కప్పు పడింది. జెలేసి చనిపోయింది.

ఎలా పడిందో రాస్తాను, గనిలో ప్రమాదం జరిగితే నువ్వు మా చేత రాయించినట్టు. నాలుగు రోజులుగా వాన. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు బడికి తిరిగి వెళ్ళారు. నేను వెనక కాలవ తీస్తున్నాను. జెలేసి ముందు గదిలో చాప మీద కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతోంది. వంటగదిలో వెలుగు చాలదని అక్కడ కూర్చుంది. ముందు దూలం మాట్లాడింది. నాకు వినపడింది, చిన్నగా, దుంగ తెగేముందు మాట్లాడినట్టే. "జెలేసీ, బయటికి రా" అని అరిచాను. "ఇంకో గుప్పెడుంది" అంది. తర్వాత రేకులు పడ్డాయి.

నా గుంజ పడలేదు. ఇప్పటికీ నిలబడే ఉంది, దాని మీద దూలం ముక్క ఉంది. దూలం తెగింది గోడ దగ్గర.

పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ కలిసి రేకులెత్తారు. ఆస్పత్రి దాకా బతికే ఉంది. దారిలో ఒక్కటే మాట అంది. "గింజల్లో పెంకులు పడ్డాయి, మళ్ళీ ఏరాలి" అంది.

మూడో రోజు పాతిపెట్టాం. బెంబాలు వచ్చారు, మన వీధివాళ్ళంతా. ఆచారం తప్పలేదు. నీ షిఫ్టులో పనిచేసిన పాత డ్రిల్లర్ గొయ్యిలోకి దూకి పడుకున్నాడు. "ఈ ఎలుకల వంటమనిషి చోటు నేను తీసుకుంటాను, బీరు ఇస్తే గానీ లేవను" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇచ్చి లేపాం.

నీకు కబురు పంపలేదు. బస్సు ఉంది, డ్రైవరు ఉన్నాడు, పంపొచ్చు. ఆ గొయ్యిలోకి దిగాల్సిన హక్కు అందరికంటే నీకే ఉంది, అది నాకు తెలుసు. నువ్వు దిగితే పైకి రమ్మని నేను అడిగేవాణ్ణి కాదు. అందుకే పంపలేదు.

ల్యాక్సన్


లువింగు
ఫిబ్రవరి 2001

ల్యాక్సన్ బావా,

ఉత్తరం అందింది. ఆచారం ప్రకారం నేనొక మాట అనాలి, అనకపోతే చచ్చినవాళ్ళకి అవమానం. చెల్లెమ్మ ఇన్నాళ్ళకి నీకు ఎలుకలు వండే బాధ తప్పించుకుంది. అక్కడైనా మంచి బెంబా దొరికి మంచి కూర తింటుంది. ఇది రాయడానికి నాకు మూడు కాగితాలు పట్టాయి.

నువ్వు నిజం చెప్తున్నావని నాకెలా తెలుస్తుంది? నువ్వు కూడా ఆలోచించు. ఇన్నేళ్ళలో నువ్వు నాతో నవ్వకుండా ఒక్క మాట అన్నావా? నేను అన్నానా? మన మధ్య మాటకి వేరే దారి లేదు. నువ్వు మామూలు మనిషివై ఉంటే, బావవి కాకుండా, నేను మొదటి ఉత్తరానికే వచ్చేవాణ్ణి.

కుండ దగ్గర నీ ఉత్తరాలు చదవడం మానేశాం. గోడ మీదది తీసేశాను.

ఇంకొకటి, రాయక తప్పదు. నువ్వు పిల్లల్ని తీసుకుని మీ ఊరు చిపాటా వెళ్ళిపోతున్నావని డ్రైవరు చెప్పాడు. మా మేనల్లుడు మీ వీధి చివర బళ్ళో పనిచేసే మేష్టారితో మాట్లాడాడు, ఆయనకి ఇల్లు కావాలట, ముగ్గురు పిల్లలు. ఇక్కడ నా ఇంటికి వెయ్యగా మిగిలిన ఇనప రేకులున్నాయి. బస్సు మీద పంపిస్తాను, మేనల్లుడు ముందు గదికి బిగిస్తాడు. సిమెంటు రేకుల కంటే తేలిక, మిగిలిన వాసాలు ఆపుతాయి. తాళంచెవి మేష్టారికి ఇచ్చి వెళ్ళు. ఆఖరి రెండు నెలల అద్దె నాకొద్దు.

ఫిడెలిస్


కలులు టౌన్‌షిప్
మార్చి 2001

ఇంటి యజమాని శ్రీ ఫిడెలిస్ కపంబ్వే గారికి,

అయ్యా,

ఇదివరకు ఇలా రాస్తే తమరు నవ్వారు. ఇప్పుడూ ఇలాగే రాస్తున్నాను. నాకు ఇక తమరితో వేరే వరస లేదు.

తమరు నిజం తెలియలేదన్నారు. సరే, నేను నవ్వుతూ రాశాను. ఆ తప్పు నాదే అనుకుందాం. కానీ "నా ఇంటికి మేకు కూడా కొట్టకు" అన్నప్పుడు తమరు నన్ను నమ్మారు. ఆ దూలం బాగుచేస్తే ఇల్లు పోతుందని భయపడేంతగా నమ్మారు. గట్టిగా ఉన్న దూలాన్ని ఎవరూ బాగుచెయ్యరని తమరికి తెలియదా? అది చెడిపోయిందని తమరికి తెలుసు. పోయినేడు జనవరిలో రాసిన ఉత్తరం కుండ దగ్గర చదవొద్దన్నాను. చదవలేదు కూడా. దానికి తమరు మార్చిలో రాసిన జవాబులో కుండ మాటే లేదు. తమరు ఒంటరిగా రెండుసార్లు చదివింది నా ఆ జనవరి ఉత్తరమొక్కటే.

రేకులు అందాయి. తమరి మేనల్లుడు నిచ్చెన తెచ్చాడు. వాణ్ణి ఆపాను. చీపురు కర్రతో కాదు, పాత గుంత దగ్గర గడ్డపార అడిగి తెచ్చాను. అన్ని దూలాలూ అన్ని వాసాలూ కొట్టి విన్నాను. వెనక గది, వంటగది గట్టిగా మోగాయి. ముందు గదిలో ఇంకో రెండు వాసాలు, నడవా దూలం డొల్ల. వాటికి సున్నంతో ఇంటూ గుర్తులు పెట్టాను. ముందు గుమ్మం మీద పెద్దది పెట్టాను. తమరి ఇంటికి నేను చేసిన పని అదొక్కటే. మేకు కొట్టలేదు.

నిన్న సాయంత్రం మేష్టారు తన పిల్లల్తో తాళంచెవి కోసం వచ్చాడు. కుర్రవాడు, ముఫులిరా గనివాళ్ళ బిడ్డ. గడప దగ్గరే ఆగిపోయాడు. గుర్తు వైపు చూశాడు.

"ఇదెవరు పెట్టారు తాతా?"

"గనిలో దుంగలు పేర్చేవాణ్ణి, నేనే."

"బాస్ వచ్చి కొట్టి విన్నాడా?"

"లేదు."

"మరి ఎప్పుడొస్తాడు?"

"ఏడాదిన్నర నుంచి వస్తున్నాడు."

ఆయన నవ్వలేదు. వెనక్కి రెండడుగులు వేసి, "ఆయన వచ్చి, విని, తన చేత్తో చెరిపాక నాకు కబురు చెయ్యమనండి" అన్నాడు. పిల్లల్ని చేతులు పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు.

తాళంచెవి డ్రైవరు చేతికిచ్చాను. ఎవరికివ్వాలి అని అడిగాడు. ఇళ్ళ ఆఫీసుకి అన్నాను. అదెప్పుడో ఎత్తేశారుగా అన్నాడు. తమరి పేరు చెప్పాను.

ఇట్లు,
ఎల్. షోంగా